పదకొండు మిల్లీవోల్టుల తేడా

తంబూరను ఓపిగ్గా శ్రుతి చేసి మీటితే, ఏ తీగకూ కట్టని ఒక స్వరం పైన తేలుతూ వినిపిస్తుంది. సంగీతం తెలిసినవాళ్లు దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. షడ్జం తీగ మొత్తంగా కంపిస్తూనే తన అయిదో వంతుల్లోనూ కంపిస్తుంది కాబట్టి ఆ స్వరం తనంతట తాను పుడుతుంది. సరళీ వరుసలు నేర్చే పిల్లలు మాయామాళవగౌళలో పాడే అంతర గాంధారం ఇదే. కీబోర్డు మీద అదే గాంధారం నొక్కితే కాస్త హెచ్చుగా పలుకుతుంది. ఎంత హెచ్చు అన్నది మాడ్యులర్ సింథసైజర్ కొలతలో చెప్పవచ్చు. ఆ వాద్యంలో స్వరం అంటే విద్యుత్తు: ఒక వోల్టు పెంచితే స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి వెళ్తుంది. ఆ లెక్కన కీబోర్డు గాంధారం షడ్జానికి 0.333 వోల్టుల పైన ఉంటే, తంబూర గాంధారం 0.322 వోల్టుల దగ్గరే ఆగుతుంది. తేడా పదకొండు మిల్లీవోల్టుల పైచిలుకు. ఇలాంటి వాద్యాన్ని కొనుక్కునే వీలున్నా, దాని భాగాలను సొంతంగా ఎందుకు తయారు చేసుకోవాలి అన్న ప్రశ్నకు నాకు తోచిన గట్టి జవాబు ఈ పదకొండు మిల్లీవోల్టుల్లోనే ఉంది. తయారీకి తగిన చోటు ఏదంటే హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం అంటాను.

ముందు వస్తువేమిటో చెప్పుకోవాలి. మామూలు కీబోర్డులో ధ్వని పుట్టించే భాగం, దాన్ని వడకట్టే భాగం, హెచ్చుతగ్గులు చేసే భాగం అన్నీ ఒకే డబ్బాలో, తయారీదారు కలిపిన వరసలో ఉంటాయి. మాడ్యులర్‌లో ఒక్కో పనికి ఒక్కో పెట్టె. దాన్నే మాడ్యూల్ అంటారు. దేని తర్వాత ఏది రావాలో వాయించేవాడే తీగలు గుచ్చి నిర్ణయిస్తాడు. 1960ల నడుమ అమెరికాలో రాబర్ట్ మూగ్, డాన్ బుక్లా వేరువేరుగా ఈ దారి పట్టారు. అప్పుడవి బీరువాలంత ఉండేవి. 1990ల నడుమ జర్మనీలో డీటర్ డాప్‌ఫర్ చిన్న సైజులో తెచ్చిన యూరోర్యాక్ పద్ధతి ఇప్పుడు అన్నిచోట్లా నడుస్తోంది. ప్యానెల్ ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, కరెంటు ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు, గుచ్చే జాక్ 3.5 మిల్లీమీటర్లు. ఈ కొలతలు అందరికీ తెలిసినవే కాబట్టి ఎవరు చేసిన పెట్టె అయినా ఎవరి పక్కనైనా ఇముడుతుంది. చేయడం కూడా బ్రహ్మవిద్య కాదు. 40106 అనే పద్నాలుగు కాళ్ల చిప్పులో ఆరు గేట్లుంటాయి. ఒక్కో గేటుకు ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ తగిలిస్తే అది కూయడం మొదలుపెడుతుంది. ఒక్క చిప్పుతో తంబూర నాలుగు తీగలకూ సరిపడా ధ్వనులు వచ్చి, ఇంకా రెండు మిగులుతాయి. అయితే అది తంబూరలా ఉండదు, లారీ హారన్‌కు దగ్గరగా ఉంటుంది. తంబూర నాదానికి ప్రాణమిచ్చే జీవా పలికించాలంటే వడపోత కావాలి. పని పెరిగేది అక్కడే.

మన సంగీతానికీ మెట్లున్న వాద్యాలకూ పేచీ పాతదే. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియంను గాలిలోకి రానివ్వలేదు. అందులో స్వరానికీ స్వరానికీ నడుమ జారే దారి లేదన్నది అప్పటి అభ్యంతరాల్లో ముఖ్యమైనది. వోల్టుకు మెట్లు లేవు. సున్నా నుంచి ఒకటి దాకా ఎక్కడైనా నిలవవచ్చు, ఎంత నెమ్మదిగానైనా కదలవచ్చు. వోల్టు దారిలో ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ పెడితే స్వరం గెంతడం మాని జారుతుంది. మన గమకాల్లో దాని పేరే జారు. నెమ్మదిగా ఊగే మరో వోల్టును కలిపితే కంపితానికి తొలి మెట్టు. ఇక్కడ ఒకరు అడ్డుపడవచ్చు: విదేశీ యంత్రాల్లో మన రాగాలు లేవా? ఉన్నాయి. ఫ్రాన్స్‌లో ఎమిలీ జిలే 2010 ప్రాంతంలో కిట్‌గా అందించిన చిన్న సింథసైజర్ పేరే శ్రుతి-1. అందులో భైరవ్, మార్వా, యమన్ స్వరస్థానాలున్నాయి. కానీ ఈ ఉదాహరణ నా వాదనకే బలం. ఆ రాగాలను చేర్చింది పెద్ద కంపెనీ కాదు, టంకం పట్టే చేయి. పైగా అవి స్వరాల పట్టికలు మాత్రమే. తోడిలో గాంధారం ఎక్కడ మొదలై ఎంత ఊగాలో పట్టికలో రాయలేం. దానికి సర్క్యూట్ విలువలు చెవితో సరిచూసుకుంటూ మార్చాలి. ఆ చెవి బెర్లిన్‌లో దొరకదు.

ఇంతకీ ఉప్పల్, నాచారమే ఎందుకు? మెట్రోలో ఉప్పల్, స్టేడియం దాటగానే వచ్చే స్టేషన్ పేరు ఎన్‌జీఆర్‌ఐ. 1961లో ఏర్పడిన ఆ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ చేసే పనుల్లో ఒకటి భూమి కంపనాన్ని కొలవడం. భూకంపమాపకమూ నేల కదలికను వోల్టుగా మార్చే పరికరమే, కాకపోతే అది మన చెవికి అందనంత మంద్రం. నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా ముందుకు వెళ్తే ఈసీఐఎల్. మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు చొరవతో 1967లో మొదలైంది. పక్కనున్న ఏఎస్ రావు నగర్ ఆయన పేరే. టీవీలు, కంప్యూటర్లు, ఓటింగ్ యంత్రాలు చేసిన సంస్థ అది. దాని చుట్టూ చిన్న పరిశ్రమలు అల్లుకున్నాయి. ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడల షెడ్లలో రేకు కోయడం, బెజ్జాలు వేయడం, పౌడర్ కోటింగ్ రోజువారీ పనులు. కొత్తగా మాడ్యూల్ చేసేవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే: చిప్పులే ఖరీదనుకుంటారు. నిజానికి చాలా సర్క్యూట్లలో చిప్పులకన్నా జాక్‌లు, నాబ్‌లు, ప్యానెల్ ఎక్కువ తినేస్తాయి. చిప్పులు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఖర్చు పెట్టించే లోహపు పని నాచారానికి కొట్టినపిండి.

1969లో రెండు సంగతులు జరిగాయి. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్ సింథసైజర్ తెచ్చి నెలకొల్పాడు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, జిన్‌రాజ్ జోషిపురా వంటివారు దానిమీద పని చేశారు. వాళ్లు రికార్డు చేసిన టేపులు 1972 తర్వాత అలమరాలో ఉండిపోయాయి. 2017లో పాల్ పర్గస్ అనే కళాకారుడు వెతికి తీశాకే లోకానికి తెలిశాయి. ఆ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటర్ ప్రభుత్వ రంగంలో, మన దేశంలోనే తయారైంది. మొదటిది తెప్పించుకున్న యంత్రం, రెండోది చేతిలో పుట్టిన యంత్రం. ఈ రెంటినీ పోల్చడం అన్యాయమనే మాట ఒప్పుకుంటాను, ఒకటి కళ, ఇంకొకటి ప్రభుత్వ పరిశ్రమ. అయితే మూడోది చూడండి. 1970ల చివర బెంగళూరులో జి. రాజ్‌నారాయణ్ అనే ఇంజినీరు, స్వయంగా వేణువు వాయించేవాడు, ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె చేశాడు. రాడెల్ పేరుతో అలాంటి పెట్టెలు ఊరూరి కచేరీ వేదికలకు చేరాయి. అహ్మదాబాద్ యంత్రం గొప్పదే కావచ్చు, కానీ మన సంగీతకారుల సంచిలో చోటు దొరికింది మాత్రం అవసరం తెలిసినవాడు చేసిన పెట్టెకే.

ఇదంతా లాప్‌టాప్‌లో ఉచితంగా వస్తుంటే టంకం పొగ పీల్చడమెందుకన్నది గట్టి అభ్యంతరం. వీసీవీ ర్యాక్ అనే సాఫ్ట్‌వేర్‌లో వందల మాడ్యూళ్లు పైసా లేకుండా దొరుకుతాయి. ధ్వని మాత్రమే కావాలనుకునేవాళ్లకు అది చాలు, వాళ్లు ఈ వ్యాసం ఇక్కడితో ఆపేయవచ్చు. టంకం పెట్టేవాళ్లు కూడా ముందు అందులో ప్రయత్నించి చూడటం మంచిది. కానీ గమకం వేలితో పుట్టేది, మౌస్‌తో కాదు. వేలికి తగిన పరికరం ఎవరో ఒకరు చేయాలి. చిప్పులు పరాయి దేశానివైతే ఇది మన వాద్యమెలా అవుతుందన్నది రెండో ప్రశ్న. బొబ్బిలి వీణ తీగలు ఎక్కడి ఉక్కుతో సాగదీశారని ఎవరూ అడగరు. పనస మాను తొలిచిన తీరును బట్టి, మెట్లు నిలిపిన చోటును బట్టి అది బొబ్బిలిది. ఒక్క ప్యానెల్‌కు షెడ్డువాళ్లు మిషన్ ఆన్ చేయరన్నది మూడోది, ఇదే నిజమైన చిక్కు. నలుగురైదుగురు కలిసి ఒకే డిజైన్ ఇవ్వాలి. లేదంటే 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ అనే నమూనా తయారీ కేంద్రంలో తొలి నమూనా చేయించుకోవాలి. అది నగరానికి అవతలి చివర రాయదుర్గంలో ఉన్నా, ఉప్పల్‌లో ఎక్కిన మెట్రో అక్కడికే పోతుంది.

విదేశీ సర్క్యూట్ బొమ్మల్లో నొక్కి చెప్పని ఒక సంగతి ఉప్పల్ ఎండలో బయటపడుతుంది. వోల్టును స్వరంగా మార్చే ట్రాన్సిస్టర్ల జతకు వేడి సరిపడదు. డిగ్రీకి సుమారు మూడో వంతు శాతం చొప్పున దాని కొలత సడలుతుంది. మే నెలలో తెల్లవారుజామున 28 డిగ్రీల్లో సరిచేసిన మాడ్యూల్‌ను మధ్యాహ్నం 40 డిగ్రీల్లో వాయిస్తే నాలుగు శాతం తేడా. అంటే ఒక స్థాయి పైకి వెళ్లేసరికి దాదాపు అర మెట్టు అపశ్రుతి. పదకొండు మిల్లీవోల్టుల కోసం ఇంత వాదించి, నలభై పోగొట్టుకున్నట్టు. విరుగుడు ఉంది: వేడికి అదే నిష్పత్తిలో పెరిగే ప్రత్యేక రెసిస్టర్‌ను ఆ ట్రాన్సిస్టర్లకు తాకించి అతికించాలి. చలిదేశపు గదిలో అది లేకపోయినా కొంత గడుస్తుంది, ఇక్కడ గడవదు. ఇంకో జాగ్రత్త: 12 వోల్టులతో ప్రాణభయం లేదు గానీ, గోడలోని 230 వోల్టుల జోలికి పోకుండా తయారుగా దొరికే అడాప్టర్ కొనుక్కోవాలి. కరెంటు పట్టీ ఎర్రగీత మైనస్ వైపే ఉందో లేదో రెండుసార్లు చూసుకోవాలి, తిరగబడితే చిప్పు కాలిపోతుంది. ప్యానెల్ వెడల్పును యూరోర్యాక్‌లో హెచ్‌పీల్లో చెబుతారు, ఒక్కోటి 5.08 మిల్లీమీటర్లు. నాచారం షెడ్డుకు వెళ్లి ఎనిమిది హెచ్‌పీ కావాలంటే మోటారు చూపిస్తారు. కాగితం మీద, పక్క ప్యానెల్‌కు తగలకుండా కాస్త తగ్గించి, 40.3 మిల్లీమీటర్లు అని రాసి ఇవ్వాలి.