డిస్చార్జి తర్వాత ఎవరు చూస్తారు? అపోహలు – వాస్తవాలు

ఢిల్లీలోని ద్వారకలో ఆస్పత్రులకు లోటు లేదు. సెక్టార్ 9లో ఢిల్లీ ప్రభుత్వ ఇందిరాగాంధీ ఆస్పత్రి ఉంది. మణిపాల్, వెంకటేశ్వర్, ఆకాశ్ లాంటి పెద్ద ప్రైవేటు ఆస్పత్రులూ ఉన్నాయి. చిక్కంతా ఇంటికొచ్చాకే. గుర్‌గావ్‌లోనో ఎయిర్‌పోర్టు వైపో ఉద్యోగం చేసే పిల్లల దగ్గరికి ఒంగోలు నుంచో ఖమ్మం నుంచో వచ్చి ఉంటున్న అమ్మానాన్నల్లో చాలామందికి సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) కార్డు ఉండదు, బీమా ఉండదు. తుంటి ఎముక విరిగినా పక్షవాతం వచ్చినా కొడుకో కూతురో జేబులోంచి కట్టాల్సిందే. ఇలా కట్టేవాళ్ల మధ్య తిరిగే కొన్ని నమ్మకాలను సరిచూద్దాం.

అపోహ: డబ్బు మనదే కాబట్టి ఏర్పాట్లూ మనవే. బిల్లు కట్టేస్తే ఆస్పత్రికి మనతో పని లేదు.

వాస్తవం: బీమా ఉన్నవాళ్ల ఫైలు టీపీఏ (బీమా క్లెయిములు చూసే సంస్థ) డెస్కు దగ్గర ఆగుతుంది, ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారు. సొంతంగా కట్టేవాళ్ల ఫైలు చకచకా కదిలిపోతుంది. ఆ హడావిడిలో అడగాల్సినవి మనమే మర్చిపోతాం. కానీ డబ్బు ఎవరు కట్టినా ఇంటి దగ్గర ఏం చేయాలో నేర్పాల్సింది వార్డు సిబ్బందే. ముక్కు గొట్టంలోంచి ఆహారం ఎలా పోయాలి, యూరిన్ బ్యాగు ఎలా మార్చాలి, ఇన్సులిన్ ఎంత, మంచంలో మనిషిని ఎలా తిప్పాలి అన్నవి నర్సు చెబితే తలూపి వచ్చేయకండి. ఇంట్లో ఆ పని చేయబోయే మనిషిని పిలిపించి, నర్సు ఎదుట ఒకసారి చేయించండి.

మెట్ల సంగతి కూడా అక్కడే తేలాలి. ద్వారక డీడీఏ ఫ్లాట్లలో లిఫ్టు లేనివి ఎన్నో. ఉన్న లిఫ్టుల్లోనూ స్ట్రెచర్ పట్టనివి ఉంటాయి. 'మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు' అని ఫిజియోథెరపిస్టుకు ముందే చెబితే నడిచి ఎక్కించవచ్చా, కుర్చీలో మోయించాలా అన్నది వాళ్లే చూసి చెబుతారు. చెప్పకపోతే గేటు దగ్గర అంబులెన్సు, వాచ్‌మన్, పక్కింటివాళ్లు కలిసి తేల్చాల్సి వస్తుంది.

కేసు కాగితాలు తర్వాత కావాల్సివచ్చినా దొరుకుతాయి. రోగి అడిగిన 72 గంటల్లోగా ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 నుంచే చెబుతోంది.

అపోహ: బిల్లు మీద పేచీ పెడితే పేషెంటును వదలరు.

వాస్తవం: బిల్లు బాకీ ఉందని రోగిని ఆపి ఉంచడానికి వీల్లేదని ఢిల్లీ హైకోర్టు 2017లో స్పష్టంగా చెప్పింది. జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనూ ఈ మాట ఉంది. అలాగని బాకీ మాఫీ అయిపోదు, ఆస్పత్రి దాన్ని చట్టప్రకారం రాబట్టుకోవచ్చు. మందులు ఎక్కడ కొనుక్కోవాలన్నది కూడా మన ఇష్టమేనని అదే పత్రం చెబుతోంది.

అపోహ: ఇంటి సంరక్షణ ఏజెన్సీ పంపే 'సిస్టర్' అంటే నర్సే.

వాస్తవం: ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువ ప్రమాదం జరిగేదీ ఇక్కడే. ఏఎన్ఎం రెండేళ్ల చదువు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఇవి చదివి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో నమోదైన వాళ్లకు ఒక నంబరు ఉంటుంది. అది అడగండి. తెల్ల కోటు చూసి నమ్మకండి. ఆ నంబరు లేని మనిషి అటెండెంటు మాత్రమే. ఆమె స్నానం చేయిస్తుంది, డైపర్ మారుస్తుంది, పక్కకు తిప్పుతుంది, నోటికి అన్నం పెడుతుంది. ఇంజెక్షను, సెలైను, కఫం తీసే సక్షన్ ఆమె పని కాదు. మరోవైపు, ఇంట్లో కావాల్సింది రెండు చేతుల సాయమే అయినప్పుడు భయంకొద్దీ నర్సు రేటు కట్టేవాళ్లూ ఉన్నారు. ఎవరు కావాలో డాక్టరు చేత చీటీ మీద రాయించుకుని ఆ తర్వాతే ఏజెన్సీకి ఫోన్ చేయడం మేలు.

ఇరవై నాలుగు గంటల మనిషి అన్నా ఆమె నిద్రపోవాలి కదా. రాత్రంతా లేచి తిప్పాల్సిన రోగి అయితే పన్నెండేసి గంటలకు ఇద్దరైనా ఉండాలి, రాత్రి వంతు ఇంట్లోవాళ్లయినా తీసుకోవాలి. పోలీసు వెరిఫికేషన్ తప్పనిసరిగా చేయించండి. ఒంటరి వృద్ధుల పేర్లు ఢిల్లీ పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవచ్చు. వాళ్ల సీనియర్ సిటిజన్ హెల్ప్‌లైన్ 1291.

మన ఇళ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. వచ్చిన అమ్మాయికి హిందీయో బెంగాలీయో వస్తుంది, అమ్మకు తెలుగు తప్ప రాదు. దాహం, నొప్పి, కళ్లు తిరుగుతున్నాయి, బాత్రూమ్‌కి వెళ్లాలి లాంటి నాలుగు మాటల తెలుగు ఉచ్చారణను హిందీ అక్షరాల్లో రాసి మంచం పక్కన గోడకు అంటించండి. కొడుకు ఆఫీసులో మీటింగులో ఉన్నప్పుడు ఆ కాగితమే దుబాసీ.

అపోహ: ఎంత పడుకుంటే అంత త్వరగా కోలుకుంటారు.

వాస్తవం: తుంటి ఆపరేషన్ అయిన మర్నాడే చాలామందిని లేపి నిలబెడతారు. కదల్లేనివాళ్లను సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి. ఎయిర్ బెడ్ వేశాం కదా అని తిప్పడం మానేయకూడదు. ఇక ఆస్పత్రి మంచం, ఆక్సిజన్ కాన్సంట్రేటర్ లాంటివి కొననక్కర్లేదు, అద్దెకు దొరుకుతాయి. కాన్సంట్రేటర్ కరెంటు మీద నడుస్తుంది కాబట్టి పక్కన ఒక సిలిండరు ఉంచుకోవాలి.

అపోహ: జేబులోంచి కట్టేవాళ్లకు ఏ సాయమూ రాదు.

వాస్తవం: 70 ఏళ్లు నిండినవారందరికీ, ఆదాయంతో పని లేకుండా, 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య పథకం కింద వయ వందన కార్డు ఇస్తున్నారు. ఢిల్లీ 2025 ఏప్రిల్లో ఈ పథకంలో చేరింది. పథకం జాబితాలో ఉన్న ఆస్పత్రిలో, చేరేటప్పుడే కార్డు చూపాలి. డిస్చార్జి తర్వాత 15 రోజుల మందులు, పరీక్షల ఖర్చు ఇందులో కలిసే ఉంటుంది. అటెండెంటు జీతం మాత్రం రాదు. బీమా లేని 60 దాటినవారి వైద్య ఖర్చుపై పాత పన్ను విధానంలో ఏడాదికి 50,000 రూపాయల దాకా మినహాయింపు ఉంది, కానీ నగదుగా కడితే వర్తించదు. క్యాన్సర్ రోగులకైతే 1996లో మొదలైన క్యాన్‌సపోర్ట్ సంస్థ ఢిల్లీ పరిసరాల్లో ఇంటికే వచ్చి ఉచితంగా ఉపశమన సేవ అందిస్తుంది.

అపోహ: అమెరికా, ఇంగ్లండుల్లో ఇదంతా ప్రభుత్వమే చూసుకుంటుంది.

వాస్తవం: ఇంగ్లండులో వైద్యం ఉచితమే. ఇంట్లో సంరక్షణ అలా కాదు, పొదుపు సొమ్ము 23,250 పౌండ్లు దాటితే మామూలుగా ఖర్చు సొంతంగా భరించాల్సిందే. స్నానం చేయించడానికి, అన్నం పెట్టడానికి మాత్రమే మనిషి కావాలంటే అమెరికా మెడికేర్ డబ్బివ్వదు. జపాన్ మాత్రం 2000లో దీనికంటూ విడిగా బీమా తెచ్చి, నలభై దాటిన అందరిచేతా కట్టిస్తోంది.

అపోహ: డాక్టరు వెళ్లొచ్చన్నారంటే ఆ సాయంత్రమే వెళ్లిపోవాలి.

వాస్తవం: రోజు అద్దె మీటరు తిరుగుతుంటే తొందర సహజం. శనివారం రాత్రి ఇల్లు చేరితే మంచం అద్దెకిచ్చే కొట్టు మూసి ఉంటుంది, ఏజెన్సీ మనిషి సోమవారం వస్తానంటుంది. రౌండ్సుకు వచ్చిన డాక్టరును రెండు రోజుల ముందే తేదీ అడిగి, పొద్దుటిపూట బయల్దేరేలా చూసుకోండి. డిస్చార్జి సమ్మరీ చివర అత్యవసరానికని ఒక ఫోన్ నంబరు రాస్తారు. వార్డు వదలక ముందే దానికి ఒకసారి ఫోన్ చేసి, రాత్రివేళ ఎవరు ఎత్తుతారో అడగండి.