ఊపిరితిత్తిని కొలిచిన గీతల బిళ్ళ

రాయిలో ఏ ఖనిజం ఎంత పాళ్ళుందో తేల్చడానికి దాన్ని పొడి చేయనక్కర్లేదు. కోసి, నున్నగా సానపట్టిన ముఖం మీద అది ఎంత మేర పరుచుకుందో చూస్తే చాలని 1847లో ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త దెలెస్ చెప్పాడు. మేర కొలవడమూ విసుగు పనే. 1933లో రష్యాకు చెందిన గ్లాగొలెవ్ అదీ తప్పించాడు: చుక్కలు పరిచి, ఖనిజం మీద పడ్డవెన్నో లెక్కపెడితే సరి.

ఈ రాళ్ళ లెక్కను 1950ల చివర ఊపిరితిత్తికి పట్టించినవాడు ఎవాల్డ్ వైబెల్ అనే స్విస్ కుర్ర డాక్టరు. చోటు న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రి. తోడు డొమింగో గోమెజ్, లెక్కల్లో దిట్టయిన క్యూబా వైద్యుడు.

పనిముట్టు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది: మైక్రోస్కోపు కంటి కటకంలో ఇమిడే గీతల గాజు బిళ్ళ. తర్వాత వైబెల్ పేరుతో స్థిరపడ్డ నమూనాలో 21 పొట్టి గీతలు, వాటికి 42 కొనలు. కొనలు కణజాలం మీద ఎన్ని పడ్డాయో చూస్తే ఘనపరిమాణం పాళ్ళు తెలుస్తాయి. గీతలు వాయుగోణుల (ఊపిరితిత్తిలోని బుల్లి గాలి గదుల) గోడల్ని ఎన్నిసార్లు దాటాయో చూసి, రెండుతో హెచ్చించి, గీతల మొత్తం పొడవుతో భాగిస్తే ఉపరితలం. మిల్లీమీటరు గీతకు 10 దాటింపులు ఉంటే ఘన మిల్లీమీటరుకు 20 చదరపు మిల్లీమీటర్లన్నమాట. అయితే ఊపిరితిత్తిని ముందే ఉబ్బించి గట్టిపరచాలి. ముడుచుకుపోయినదాన్ని కొలిచి లాభం లేదు. గీతలు ఎక్కడ పడాలో అదృష్టానికే వదలాలి. అందంగా కనిపించే చోటు ఏరుకున్నారో, లెక్క గంగలో కలిసినట్టే.

1963లో వచ్చిన వైబెల్ పుస్తకం వాయుగోణులు 30 కోట్లని, శ్వాసనాళాలు 23 తరాలుగా చీలుతాయని చెప్పింది. 1978లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో కొలిస్తే ఉపరితలం సుమారు 140 చదరపు మీటర్లకు చేరింది, పాత అంకెకు దాదాపు రెట్టింపు. ఊపిరితిత్తి పెరగలేదు, గోడల మీది సన్నని ముడతలు ఇప్పుడు కంటికి ఆనాయి.

వాయుగోణుల సంఖ్య మాత్రం సతాయించింది. కోసిన ఒక్క పలచని పొరను చూస్తే పెద్ద గదులే ఎక్కువగా కోతకు దొరుకుతాయి, చిన్నవి తప్పించుకుంటాయి. 1984లో డైసెక్టర్ పద్ధతి దీన్ని సరిదిద్దింది: పక్కపక్కనే ఉన్న రెండు పొరలు తీసుకుని, ఒకదాంట్లో కనిపించి రెండోదాంట్లో లేనివాటినే లెక్కపెట్టాలి. ఆ బాటలోనే 2004లో ఆరుగురి ఊపిరితిత్తుల్ని లెక్కిస్తే సగటు 48 కోట్లు తేలింది. ఒకరికి 27 కోట్లు, మరొకరికి 79 కోట్లు! ఒక్కో వాయుగోణి పరిమాణంలో మాత్రం అంత తేడా లేదు. పెద్ద ఊపిరితిత్తిలో ఉండేవి పెద్ద గదులు కావు, ఎక్కువ గదులు.