గుణం ఎరిగి గట్టు పెట్టాలె

ఇద్దరికీ జీతం 15 వేలే. నెలాఖరుకు ఒకని దగ్గర వెయ్యి మిగుల్తది, ఇంకొకడు లోన్ యాప్ తెరుస్తడు. తెలివి తక్కువై కాదు, గుణం వేరు. పొలంల నీళ్లు ఎటు వాలితే అటే కదా గట్టు పెట్టేది. పైసలకూ అంతే.

మొహమాటమున్నోడు దోస్తు అడిగితే కాదనలేడు. అసొంటోడు జీతం పడ్డ రోజే పోస్టాఫీసు ఆర్డీల కట్టాలె. నెలకు 100 తోని గూడ మొదలుపెట్టొచ్చు. అప్పుడు "నా దగ్గర లేవు" అంటే అబద్ధం కాదు.

ఆత్రమున్నోనికి కొత్త ఫోన్ ఇయ్యాల్నే కావాలె. కాయితం మీద రాసుకొని వారం ఆగాలె. ఆగినంక సగం కోరికలు వాటంతటవే పోతయి.

భయమున్నామె ఖర్చు పెట్టది, కానీ బాకీ లెక్క చూసుడంటే గూడ భయమే. నూటికి మూడు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 36 శాతం. లక్షకు 36 వేలు! నమ్మినోళ్లను పక్కన కూసోబెట్టుకొని లెక్క తియ్యాలె.

1990లల్ల సారా మీద కొట్లాడిన నెల్లూరు జిల్లా ఆడోళ్లు రోజుకు రూపాయి పొదుపు చేసిండ్రు. అందరి గుణం ఒక్కటేనా? కాదు. పదిమంది కండ్ల ముందట లెక్క నడిచింది, అందుకే పైస నిలిచింది.

కూలే గిట్టకపోతే ఏ గుణమున్నా మిగలదు. దానికోసం కొట్లాడాల్సిందే. కానీ తమ్మీ, చెల్లే, కొట్లాడి తెచ్చుకున్న కూలి మిత్తి పాలైతే గెలిచిందెవరు?