పొలం గట్టున పొడుగు చెవుల నేస్తం: బాసెట్ హౌండ్ పెంపకంలో మెళకువలు

పొదిలి పరిసర గ్రామాల్లో కళ్లానికి, పశువుల పాకకు కాపలాగా నాటు కుక్కను పెంచడం తరతరాల ఆనవాయితీ. ఇటీవల పట్టణాల్లో చదువుకుంటున్న పిల్లలు విదేశీ జాతుల కుక్కపిల్లలను కూడా ఇళ్లకు తెస్తున్నారు. మిరప తోటల పరిశీలనకు వెళ్లినప్పుడు ఒక రైతు ఇంట బాసెట్ హౌండ్‌ను చూశాను. అది చొంగ కారుస్తూ, వణుకుతూ పడి ఉంది. ఇంటివారు వడదెబ్బ అనుకున్నారు. ఉదయం మందు కొట్టిన మళ్లలో తిరిగి వచ్చిందని వారి అబ్బాయి చెప్పాడు. వెంటనే సబ్బు నీటితో కడిగించి, మందు డబ్బాతో సహా పశువైద్యశాలకు పంపగా బతికింది. మందు కొట్టిన చేలోకి కూలీలు ఎన్నాళ్ల వరకు దిగరాదో ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన నేను, ఇంటి కుక్క సంగతి ఏనాడూ ఆలోచించలేదు.

రూపం, స్వభావం

బాసెట్ హౌండ్ మూలాలు ఫ్రాన్సులో ఉన్నాయి. ఫ్రెంచి భాషలో ‘బా’ అంటే పొట్టి అని అర్థం. 1958లో మొదలైన హష్ పపీస్ పాదరక్షల గుర్తులో కనిపించేది ఈ కుక్కే. ఎత్తు సుమారు 35 సెంటీమీటర్లే అయినా బరువు 20 నుంచి 30 కిలోల వరకు ఉంటుంది. కుందేళ్ల జాడను వాసనతో వెంబడించడానికి దీనిని వృద్ధి చేశారు. స్వభావం సౌమ్యం, పిల్లలతోనూ, ఇతర కుక్కలతోనూ కలిసిపోతుంది. అయితే వాసన తగిలితే ఎంత పిలిచినా వినదు. ఒంటరిగా వదిలితే గొంతెత్తి ఊళ పెడుతుంది. కాపలాకు దీనిపై ఆధారపడరాదు.

పోషణ

ఈ జాతికి స్థూలకాయం పెద్ద శత్రువు. పొడవైన వెన్నెముకపై, పొట్టి కాళ్లపై భారం పెరిగితే నడుము, కీళ్లు దెబ్బతింటాయి. కొలిచిన మేతను రెండు పూటలా పెట్టాలి. మెట్లు, మంచాలపై నుంచి దూకనివ్వరాదు. వేలాడే చెవుల్లోకి గాలి ఆడక చీము పడుతుంది కనుక వారానికొకసారి శుభ్రపరచాలి. మన వేసవిలో నడకకు తెల్లవారుజామునే తీసుకెళ్లి, పగలు నీడ, చల్లని నీరు అందుబాటులో ఉంచాలి. పిడుదుల నివారణ, నట్టల మందు పశువైద్యుని సలహాపై వాడాలి. మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, ఆపై వైద్యుడు చెప్పిన గడువుకు మళ్లీ వేయించాలి.

పంట పొలంలో జాగ్రత్తలు

పొట్టి కాళ్ల వల్ల దీని పొట్ట, చెవులు ఆకులను, నేలను రాసుకుంటాయి. అంటిన మందును ఆ తర్వాత నాకి మింగుతుంది. కాబట్టి:

• పత్తి, మిరప చేలల్లో పిచికారి చేసిన రోజున కుక్కను ఇంటి వద్దే కట్టి ఉంచాలి. డబ్బాపై సూచించిన గడువు వరకు చేలోకి వదలరాదు.
• మందు కలిపిన బకెట్లు, ఖాళీ డబ్బాలు, ఎలుకల ఎరలు దానికి అందనివ్వరాదు.
• బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్న పెట్టరాదు. వాటిలోని అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది.
• విషం సోకినట్లు అనుమానం వస్తే చేతి తొడుగులు ధరించి కడగాలి. సొంతంగా వాంతి చేయించక వైద్యుని వద్దకు తీసుకెళ్లాలి.

కాపలాయే ముఖ్యమనుకునే రైతులకు మన వేడికి అలవాటుపడిన నాటు కుక్కలే మేలు. కోస్తా ఆంధ్రకు చెందిన పొట్టి వెంట్రుకల జోనంగి కూడా అటువంటిదే. పిల్లల ముచ్చట కోసం బాసెట్‌ను తెచ్చుకున్నవారు మాత్రం పిచికారి రోజును మనుషులకే కాక దానికీ సెలవు రోజుగా పాటించాలి.