ఆకుపచ్చ కాలనీలే రోగానికి సాక్ష్యమా?

రొయ్యల చెరువుల్లో సూక్ష్మజీవుల లెక్క తేల్చే పద్ధతులు.. వాటి పరిమితులు

భీమవరం: రొయ్యలు మేత తగ్గించాయంటే రైతు చేసే మొదటి పని సీసాలో చెరువు నీరు పట్టి సమీపంలోని ప్రయోగశాలకు చేర్చడం. మరుసటి రోజుకు చేతికందే కాగితంలో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి పసుపు కాలనీలు, రెండోది ఆకుపచ్చ కాలనీలు. రెండో అంకె పెరిగిందంటే రైతు గుండె గుభేలుమంటుంది. క్రిమిసంహారకం చల్లడం, ప్రోబయోటిక్‌లు కొనడం ఆ కాగితం ఆధారంగానే జరిగిపోతాయి. లక్షల రూపాయల పెట్టుబడిని శాసించే ఈ రెండు అంకెలు చెప్పేదెంత, చెప్పనిదెంత అన్నది ఆక్వా రైతులు తప్పక తెలుసుకోవలసిన విషయం.

రంగు తెలిపేది చక్కెర సంగతే

ఈ పరీక్షకు వాడే పోషక మాధ్యమాన్ని టీసీబీఎస్ అగర్ అంటారు. ఇతర బాక్టీరియాను అణచివేసి విబ్రియోలను పెరగనిచ్చే లవణాలు, కొంత చక్కెర, ఆమ్లం తగిలితే రంగు మారే పదార్థం ఇందులో ఉంటాయి. చక్కెరను పులియబెట్టగల విబ్రియోలు ఆమ్లాన్ని విడుదల చేసి పసుపు రంగులో కనిపిస్తాయి. ఆ శక్తి లేనివి ఆకుపచ్చగా ఉంటాయి. రంగు వెనుక ఉన్న రహస్యం ఇంతే. మనుషులకు కలరా కలిగించే విబ్రియో కలరే కాలనీలు పసుపు రంగులోనే ఉంటాయి. రొయ్యలకు హాని చేసే విబ్రియో హార్వేయీలో కొన్ని రకాలు పసుపుగా, మరికొన్ని ఆకుపచ్చగా పెరుగుతాయి. కనుక రంగును బట్టి మంచి చెడులు నిర్ణయించడం సరికాదు.

మరో లోపం కూడా ఉంది. నీటిలో, అడుగు మట్టిలో ఉండే బాక్టీరియాలో అధిక భాగం ఏ ప్లేటుపైనా సులభంగా పెరగదు. సూక్ష్మదర్శినిలో కనిపించే సంఖ్యకూ, ప్లేటుపై మొలిచే సంఖ్యకూ వంద రెట్ల వ్యత్యాసం ఉండటం సాధారణమే.

పెంచకుండానే పేరు పట్టే విద్య

ఈ చిక్కును విడదీసే దారి ఆర్‌ఎన్‌ఏ పరిశోధనల్లో దొరికింది. కణంలో మాంసకృత్తులు తయారుచేసే రైబోజోమ్‌లోని 16ఎస్ ఆర్‌ఎన్‌ఏను పోల్చి సూక్ష్మజీవుల వంశవృక్షాన్ని గీయవచ్చని అమెరికా శాస్త్రవేత్తలు కార్ల్ వోజ్, జార్జ్ ఫాక్స్ 1977లో నిరూపించారు. దాదాపు 1,500 అక్షరాల పొడవుండే ఈ జన్యువులో కొన్ని భాగాలు అన్ని బాక్టీరియాలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మధ్యమధ్య ఉండే తొమ్మిది భాగాలు జాతిని బట్టి మారుతుంటాయి. మారని భాగాలను పట్టుకొని, మారే భాగాలను చదివితే బాక్టీరియా ఏ కుటుంబానికి చెందినదో తెలుస్తుంది.

దీనికోసం చెరువు నీటిని అతి సూక్ష్మ రంధ్రాల పొర ద్వారా వడకడతారు. పొరపై నిలిచిన కణాలను పగులగొట్టి డీఎన్‌ఏను వేరుచేస్తారు. పీసీఆర్ పద్ధతిలో 16ఎస్ జన్యు భాగాన్ని కోట్ల ప్రతులుగా పెంచి, సీక్వెన్సింగ్ యంత్రంతో చదివిస్తారు. నమూనాను తీసిన వెంటనే మంచులో ఉంచడం ముఖ్యం. ఎండలో గంటల తరబడి ఉన్న సీసాలో కొన్ని బాక్టీరియా పెరిగి, కొన్ని నశించి, చెరువు లెక్కకు బదులు సీసా లెక్క వస్తుంది. కణాలను పగులగొట్టడంలోనూ జాగ్రత్త అవసరం. ప్రోబయోటిక్‌లలో వాడే బాసిల్లస్ సిద్ధబీజాల కవచం చాలా గట్టిది. అవి పగలకపోతే చెరువులో ఉన్నా లెక్కలోకి రావు.

కంప్యూటర్ పని ఇక్కడే మొదలు

యంత్రం ఒక్కో నమూనా నుంచి వేలు, లక్షల సంఖ్యలో అక్షరమాలలు అందిస్తుంది. వాటిలో యంత్రం తప్పుగా చదివినవి, పీసీఆర్‌లో రెండు జీవుల ముక్కలు అతుక్కొని పుట్టినవి ఉంటాయి. కంప్యూటర్ ముందుగా వాటిని ఏరివేస్తుంది. మిగిలినవాటిలో 97 శాతం పోలిక ఉన్నవాటిని ఒక గుంపుగా లెక్కించడం చాలాకాలం ఆనవాయితీ. ఒక్క అక్షరం తేడానూ విడిగా గుర్తించే డాడా2 వంటి ప్రోగ్రాములు 2016 తరువాత ప్రాచుర్యం పొందాయి. ఆపై సిల్వా వంటి డేటాబేస్‌లతో సరిపోల్చి పేర్లు నిర్ధారిస్తారు.

అయితే ఈ లెక్క శాతాల్లో వస్తుంది. ఉదాహరణకు ఒక మిల్లీలీటరు నీటిలో 1,000 విబ్రియోలు, 9,000 ఇతర బాక్టీరియా ఉన్నాయనుకుందాం. విబ్రియోల వాటా 10 శాతం. క్రిమిసంహారకం చల్లిన తరువాత ఇతర బాక్టీరియా 1,000కి పడిపోయి, విబ్రియోలు అలాగే మిగిలితే వాటి వాటా 50 శాతానికి చేరుతుంది. విబ్రియో ఒక్కటీ పెరగకపోయినా నివేదిక మాత్రం అయిదు రెట్లు పెరిగినట్లు చూపుతుంది. అసలు సంఖ్య తెలియాలంటే క్వాంటిటేటివ్ పీసీఆర్ వంటి మరో పరీక్ష తోడు కావాలి.

పేరు ఒకటే.. గుణం వేరు

2009లో చైనాలో కనిపించి, తరువాత వియత్నాం, మలేషియా, థాయిలాండ్‌లకు పాకిన ఈఎంఎస్ వ్యాధి ఈ రంగానికి పెద్ద పాఠం నేర్పింది. చెరువులో పిల్ల వేసిన నెల రోజుల లోపే రొయ్యలు గుట్టలుగా చనిపోయేవి. కారణం విబ్రియో పారాహీమోలైటికస్ అని అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ లైట్నర్ బృందం 2013లో తేల్చింది. వ్యాధిగ్రస్త రొయ్య నుంచి బాక్టీరియాను వేరుచేసి పెంచి, ఆరోగ్యంగా ఉన్న రొయ్యలకు సోకించి, అదే వ్యాధి రావడాన్ని చూసి నిర్ధారించింది. అంటే పాత ప్లేటు పద్ధతి లేకుండా ఆ రుజువు సాధ్యమయ్యేది కాదు.

అదే జాతి బాక్టీరియా ఏ హానీ చేయకుండా ఎన్నో చెరువుల్లో ఉంటుంది. ప్రాణాంతకమైన రకంలో మాత్రం ప్లాస్మిడ్ అనే అదనపు డీఎన్‌ఏ వలయం, దానిపై పిర్‌ఏ, పిర్‌బీ అనే విష జన్యువులు ఉన్నాయి. 16ఎస్ పరీక్ష ఈ తేడాను పట్టుకోలేదు. ఆ జన్యువులను నేరుగా వెతికే పీసీఆర్, లేదా నమూనాలోని మొత్తం డీఎన్‌ఏను చదివే మెటాజీనోమిక్స్ అవసరం.

1994-95లో కోస్తాలో టైగర్ రొయ్యల సాగును కుదిపేసిన తెల్లమచ్చల వ్యాధికి కారణం వైరస్. వనామీ రొయ్యల ఎదుగుదలను దెబ్బతీసే ఈహెచ్‌పీ శిలీంధ్ర సంబంధమైన పరాన్నజీవి. ఈ రెండూ టీసీబీఎస్ ప్లేటుపైనా, బాక్టీరియా కోసం రూపొందించిన 16ఎస్ పరీక్షలోనూ కనిపించవు. వీటికి విడిగా పీసీఆర్ చేయించాలి.

రైతు అడగవలసినవి

జన్యు పరీక్ష చేయించినంత మాత్రాన కారణం దొరికినట్లు కాదు. జబ్బుపడిన రొయ్య పేగులో విబ్రియోలు అధికంగా ఉంటే, అవే జబ్బు తెచ్చాయా, లేక నీరసించిన రొయ్యలో తరువాత చేరాయా అన్నది ఒక్క నమూనా తేల్చలేదు. బాగున్న చెరువులను, బాగులేని చెరువులను వారాల తరబడి పోల్చితేనే తెలుస్తుంది.

అందుకే నివేదిక చేతికి రాగానే మందుల దుకాణానికి పరుగెత్తే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. నమూనా ఎప్పుడు, ఎలా తీశారు? అంకె శాతమా, అసలు సంఖ్యా? పరీక్ష జాతి పేరు చెప్పిందా, విష జన్యువు ఉందని చెప్పిందా? గత వారం అంకెతో పోల్చి, ఆక్సిజన్, పీహెచ్, అమ్మోనియా, మేత వినియోగం కూడా చూసిన తరువాతే నిర్ణయానికి రావాలి. రంగును చూసి భయపడి నిషిద్ధ యాంటీబయోటిక్ వాడితే వ్యాధి తగ్గుతుందన్న హామీ లేదు. రొయ్యలో దాని అవశేషం దొరికితే మాత్రం విదేశీ రేవులో సరకు తిరస్కరణకు గురవుతుంది. ఆ నష్టం ఒక్క చెరువుతో ఆగదు.