కుక్కనోటి దుర్వాసన – దంతరక్షణము



ఈనాడు నేను చెప్పబోవు సంగతి వినగానే మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. మనుష్యుల పండ్లకే దిక్కులేనప్పుడు కుక్కపండ్ల గొడవ మనకేల యందురు. నేనును ఒకప్పు డట్లే యనుకొంటిని.

మాది సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదు ప్రాంతమందలి న్యాల్‌కల్. కర్ణాటక సరిహద్దు మాకు దగ్గఱ. జొన్నచేనికి గాని, గొఱ్ఱెలమందకు గాని కుక్క కావలి లేనిదే మాకు గడవదు. తొమ్మిదేండ్లుగా మా చేను కాచిన కుక్క యొకటి కలదు. దాని నోటినుండి కంపు వచ్చుచుండగా, కుక్కనోట కస్తూరి వాసన వచ్చునా యని ఊరకుంటిని. కొన్ని నెలలకు అది రొట్టెను ఒకవైపుననే నమలసాగెను. పిదప ముట్టుటయే మానెను. ఒకనాడు కుడికంటి క్రింద గడ్డ లేచి, పగిలి, చీము కాఱెను. కంటిజబ్బని పసుపు పెట్టితిమి. పశువైద్యుడు వచ్చి దాని పైపెదవి నెత్తి, గార కప్పిన దవడపంటిని చూపి, “గడ్డ కంటిది కాదు, ఈ పంటివేళ్లది” అని చెప్పెను. మత్తిచ్చి ఆ పన్ను తీసివేయగా గడ్డ మానెను, ఆకలి పుట్టెను. ఆ మూగజీవి అన్ని నెలలు నొప్పి నోర్చుకొని మా చేను కాచెనని తెలిసినపుడు నాకు సిగ్గు కలిగెను. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

కుక్కపిల్లకు పాలపండ్లు 28. ఏడవ నెల నాటికి అవి రాలి, 42 పండ్లు వచ్చును. ముందఱి కొఱుకుపండ్లు 12, కోరలు 4, దవడపండ్లు 26. తిన్న తరువాత ఎంగిలియు, సూక్ష్మజీవులును చేరి పంటిపై జిగురైన పొర యేర్పడును. అదియే పాచి. పాచిని తుడువనిచో, లాలాజలమందలి సున్నపు పదార్థములు అందులో చేరి, కొలది దినములలోనే అది రాయివలె గట్టిపడును. అదియే గార. మనవలె కుక్కకు పండ్లు తఱచుగా పుచ్చవు. దానికి వచ్చు చేటు ఎక్కువగా చిగుళ్లనుండియే. గార చిగురు క్రిందికి దిగి, చిగురు వాచి, నెత్తురు కాఱి, పంటిని పట్టియుంచు ఎముక కరగిపోవును. కంపు పుట్టునది ఇచ్చటనే. కావున దుర్వాసన కుక్కకు స్వభావము కాదు, వ్యాధికి గుర్తు.

దీనికి చేయదగిన పని సులభమే. పిల్లగా నున్నప్పటినుండియే పెదవి నెత్తి పండ్లు తాకుట కలవాటు చేయవలెను. మెత్తని తడిగుడ్డను వ్రేలికి చుట్టుకొని, లేక మెత్తని బ్రష్షుతో, పండ్ల వెలుపలి వైపును, చిగురంచును దినమున కొకమారు తుడిచిన చాలును. మనము వాడు పేస్టు పెట్టరాదు. కుక్క ఉమియ నెఱుగదు, మ్రింగును. కొన్ని పేస్టులలో నుండు జైలిటాల్ అను తీపి పదార్థము కుక్కకు విషము. వండిన యెముకలు చీలి గొంతున గ్రుచ్చుకొనును. గట్టి యెముకలు పండ్లను విఱుచును. గట్టిపడిన గారను కత్తితో గీకుట తప్పు. చిగురు తెగును, క్రిందనున్న గార అట్లే యుండును. దానిని పశువైద్యుడు మత్తిచ్చి తీయవలసినదే.

వాసన యంతయు పండ్లవలననే కాదు. మూత్రపిండములు చెడినచో నోట మూత్రపు కంపు కొట్టును. మధుమేహము ముదిరినచో మ్రగ్గిన పండువంటి తీపి వాసన వచ్చును. అంగిటిలో పుల్లయో, ఎముకముక్కయో అడ్డముపడి క్రుళ్లుటయు కలదు.

ఇచ్చట ముఖ్యమైన హెచ్చరిక యొకటి. దవడ వ్రేలవేసి, చొంగ కార్చుచు, మ్రింగలేక, గొంతు మాఱిన కుక్కను చూచి, ఎముక చిక్కినదని నోట చేయి పెట్టువారు కలరు. వెఱ్ఱికుక్క రోగము, అనగా రేబిస్, సోకిన కుక్కయు నిట్లే కనబడును. అట్టిదాని నోట చేయి పెట్టవలదు. పశువైద్యునకు కబురు పెట్టుడు. కాటు పడినను, గాయమునకు చొంగ తగిలినను, పారు నీటితో, సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోయి సూది వేయించుకొనవలెను. సున్నము, కారము పూయరాదు. 1885వ సంవత్సరమున లూయీ పాస్చరు ఫ్రాన్సులో కుక్కకాటు పడిన బాలునకు టీకా నిచ్చినది మొదలు ఈ మృత్యువును ముందుగా నాపు మార్గము మనకున్నది. లక్షణములు బయటపడిన పిదప మాత్రము బ్రదుకుట మిక్కిలి యరుదు. కుక్కకు వైద్యుడు చెప్పిన గడువున టీకా వేయించినచో మనకును, దానికిని మేలు.

పెద్దలారా! ఎద్దును కొనునపుడు నోరు తెఱచి పండ్లు లెక్కించు నేర్పు మీకున్నది. ఆ చూపునే ఇంటికుక్క వైపు త్రిప్పుడు. టీకా వేయించి, మీచేతికి మాలిమియై, ఆరోగ్యముగా నున్న కుక్క పెదవిని వారమున కొకమారు ఎత్తి చూడుడు. చిగురు ఎఱ్ఱబడినను, పంటిమొదట పసుపుపచ్చని గార కనబడినను, కంటి క్రింద వాపు లేచినను జాగు చేయవలదు. దానికి నోరున్నది కాని, నొప్పి చెప్పుకొను మాట లేదు. ఆ మాట దానితరపున మనమే చెప్పవలెను.