ఇటుక పేర్చక ముందే ఇంటిని చూసుకుందాం!

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. పెళ్లి సంగతి నాకింకా తెలియదు గానీ, ఇల్లు కట్టడంలో ఉన్న కష్టం మాత్రం ఈ మధ్యనే తెలిసింది. మన హాస్టళ్లలో చదువుకున్న వారిలో చాలామందికి సొంత ఇల్లంటే అమ్మానాన్నలు జీవితంలో ఒక్కసారి కట్టుకోగలిగేది. తప్పు జరిగితే గోడ పగలగొట్టి మళ్లీ కట్టే స్తోమత మనకుండదు. తప్పులేవో ముందే కంప్యూటర్ తెర మీద చేసుకుంటే దిద్దుకోవడానికి పైసా ఖర్చుండదు. ఆ పని ఎలా చేయాలో నాకు తెలిసినంత వరకు చెబుతాను.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

ఇళ్ల ప్లాన్లనగానే అందరూ ఆటోక్యాడ్ పేరు చెబుతారు. 1982లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇంజనీర్లు, డ్రాఫ్ట్స్‌మన్లు వాడతారు. అది నేర్చుకోవడానికి చాలా సమయం పడుతుంది. మన అవసరానికి ‘స్వీట్ హోమ్ త్రీడీ’ చాలు. ఇది ఉచితం. విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ పనిచేస్తుంది. తెర మీద ఎడమవైపు తలుపులు, కిటికీలు, మంచాల జాబితా ఉంటుంది. కుడివైపు పైభాగంలో మనం ప్లాను గీస్తాం. గీసిన గోడ కింది భాగంలో నిజమైన గోడలా లేచి నిలబడుతుంది. మొదట ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి కొలతలను అడుగులు, అంగుళాలలోకి మార్చుకోండి. మన మేస్త్రీలకు సెంటీమీటర్లు చెబితే పని నడవదు.

1. ముందు టేపు, తర్వాత మౌస్

పట్టాలో రాసిన కొలతను నమ్మి గీయడం మొదలుపెట్టవద్దు. స్టీలు టేపుతో నాలుగు వైపులా మీరే కొలవండి. తర్వాత మూల నుంచి మూలకు రెండువైపులా కొలవండి. ఎదురెదురు భుజాలు సమానంగా ఉండి, ఈ రెండు కొలతలూ కూడా సమానమైతేనే స్థలం నలుపలకగా ఉన్నట్టు. ఉదాహరణకు 24 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు ఉన్న స్థలానికి మూల నుంచి మూలకు సుమారు 43 అడుగుల 3 అంగుళాలు రావాలి. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ వస్తే స్థలం వంకరగా ఉందని అర్థం. ఆ వంకరతోనే గీయాలి.

సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. 2020 డిసెంబరు 25న మొదలైన ‘పేదలందరికీ ఇళ్లు’ పథకంలో గ్రామాల్లో ఒకటిన్నర సెంటు, పట్టణాల్లో ఒక సెంటు చొప్పున స్థలాలు ఇచ్చారు. ఒకటిన్నర సెంటంటే 653 చదరపు అడుగులు. అంత తక్కువ చోట ప్రతి అంగుళానికీ లెక్క ఉండాలి.

2. గోడ కూడా స్థలం తింటుంది

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. మా ఇంటి వెడల్పు బయటి నుంచి బయటికి 20 అడుగులు. అందులో పక్కపక్కనే రెండు గదులు గీశాను. ఒకటి 10 అడుగులు, రెండోది 9 అడుగుల 3 అంగుళాలు వచ్చింది. పెద్ద గదిలో ఒక గోడ వెంబడి ఆరున్నర అడుగుల మంచం, దాని పక్కనే మూడడుగుల తలుపు. తెర మీద అంతా చక్కగా సరిపోయింది.

ముగ్గు పోసే రోజు మేస్త్రీ ఆ కాగితం చూసి, “గోడలు ఏమన్నా అట్టముక్కలా నాయనా?” అన్నాడు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను గీసే గోడ మందం ఏడున్నర సెంటీమీటర్లు, అంటే సుమారు 3 అంగుళాలే. నేను దాన్ని మార్చలేదు. మేము కట్టబోయేది 9 అంగుళాల గోడ. మూడు గోడలకు 9 అంగుళాలు పోతాయని నా ప్లాను చెబుతుంటే, నిజంగా పోయేది 27 అంగుళాలు! అంటే ఒక్కో గదికి ముక్కాలు అడుగు తగ్గిపోతుంది. 9 అడుగుల 3 అంగుళాల గదిలో మంచం, తలుపు కలిపి 9 అడుగుల 6 అంగుళాలు ఎలా పడతాయి?

మాది పిల్లర్ల మీద కట్టే ఇల్లు కాబట్టి లోపలి గోడ నాలుగున్నర అంగుళాలు చాలన్నాడు మేస్త్రీ. దానివల్ల నాలుగున్నర అంగుళాలు కలిసివచ్చాయి. అయినా రెండువైపులా పూత పోను మిగిలేది అర అంగుళమే. అందుకని తలుపును పక్క గోడకు మార్చాం. అదృష్టం కొద్దీ అప్పటికి నేల మీద ఉన్నది ముగ్గే. చెరిపి మళ్లీ పోశారు. పునాది లేచాక తెలిసి ఉంటే మా పరిస్థితి ఏమిటి?

కాబట్టి గీయకముందే గోడ మందాన్ని మార్చండి. పాత రాతి మిద్దెకు కొత్త గది కలుపుకునేవారు పాత గోడ మందాన్ని గుమ్మం దగ్గర కొలిచి, ఆ అంకెనే వేయండి. రాతి గోడలు ఇటుక గోడల కంటే చాలా మందంగా ఉంటాయి.

3. సామాన్లు పెట్టి చూడండి

ఖాళీ గది ఎప్పుడూ పెద్దదిగానే కనిపిస్తుంది. మీ ఇంట్లో ఉన్న మంచం, బీరువా, బియ్యం డబ్బా కొలిచి, అవే కొలతలతో ప్లానులో పెట్టండి. తలుపు తెరుచుకునే మేర ప్లానులో గీత రూపంలో కనిపిస్తుంది. ఆ గీతలోకి ఏ వస్తువూ రాకూడదు.

4. మెట్లను మరిచిపోవద్దు

అంతస్తు ఎత్తు 10 అడుగులైతే 120 అంగుళాలు. ఒక్కో మెట్టు సుమారు 7 అంగుళాల ఎత్తు అనుకుంటే 17 సార్లు ఎక్కాలి. స్లాబే చివరి మెట్టు కాబట్టి 16 మెట్లకు, ఒక్కోదానికి 10 అంగుళాల వెడల్పు చొప్పున 13 అడుగుల 4 అంగుళాల పొడవు కావాలి. మధ్యలో తిరుగుడు పెడితే పొడవు తగ్గుతుంది గానీ వెడల్పు రెట్టింపవుతుంది. తర్వాత చూద్దాంలే అనుకుంటే మెట్లు వీధిలోకి వస్తాయి.

5. మన ఎండను లెక్కలోకి తీసుకోండి

మార్కాపురం, గిద్దలూరు ఎండల గురించి మీకు చెప్పనక్కర లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఒక దిక్సూచి ఉంటుంది. దాని ఉత్తరాన్ని మీ స్థలం ఉత్తరానికి తిప్పి, మార్కాపురం వాళ్లయితే అక్షాంశం 15.7, రేఖాంశం 79.3 అని ఇవ్వండి. ఫొటో తయారుచేసేటప్పుడు మే నెలలో ఒక తేదీ, సాయంత్రం 4 గంటలు ఎంచుకుంటే ఎండ ఏ కిటికీలోంచి ఎంత లోపలికి వస్తుందో చూపిస్తుంది. మధ్యాహ్నం తర్వాత పడమటి గోడ బాగా కాగుతుంది. వీలైతే పడుకునే గది కాకుండా మెట్లు, స్నానాల గది, సామాన్ల గది అటువైపు పెట్టండి.

గాలికి కూడా ఒక లెక్క ఉంది. పొడి వేడి ప్రాంతాల్లో గది వైశాల్యంలో కనీసం పదో వంతు కిటికీలు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. 100 చదరపు అడుగుల గదికి తలుపు కాక 10 చదరపు అడుగుల కిటికీ కావాలన్నమాట.

6. అమ్మకు చూపించండి

అన్నిటికన్నా ముఖ్యమైన సలహా ఇదే. మా అమ్మకు చదువు రాదు. కాగితం మీద గీతలు చూపిస్తే “నీకు తెలుసు కదా, నువ్వే చూడు” అనేది. సాఫ్ట్‌వేర్‌లో మనిషి నడుస్తున్నట్టు ఇంటి లోపల తిరిగి చూసే వీలుంది. కంటి ఎత్తు కూడా మార్చుకోవచ్చు. అమ్మ కంటి ఎత్తు 4 అడుగుల 8 అంగుళాలు పెట్టి, వాకిట్లోంచి వంటింట్లోకి నడిపించాను. వంటింట్లో ఆగి రెండు మాటలంది. “ఆ నాపరాయి గూడు నాకందదు.” “నీళ్ల డ్రమ్ములు యాడ పెట్టాల నాయనా?”

ఎండాకాలం ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లో పుట్టి పెరిగిన నేను నీళ్ల డ్రమ్ములే మరిచిపోయాను! సాఫ్ట్‌వేర్ జాబితాలో సోఫాలున్నాయి, డైనింగ్ టేబుళ్లున్నాయి. మన బతుకు అందులో లేదు. దాన్ని మనమే చేర్చుకోవాలి. గూడు అడుగు కిందికి దించాం. వీధి వైపు, ట్యాంకరు పైపు అందేచోట మూడు డ్రమ్ములకు తావు వదిలాం. రోజంతా ఆ ఇంట్లో పనిచేసే మనిషిని అడగకుండా గీసిన ప్లాను ఎంత అందంగా ఉన్నా సగం ప్లానే.

7. సాఫ్ట్‌వేర్ చెప్పనివి

పునాది ఎంత లోతు తీయాలి, పిల్లర్లలో కమ్మి ఎంత వేయాలి అనేవి ఇది చెప్పదు. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. అటువంటి చోట ఇంజనీరు సలహా తప్పనిసరి. చుట్టూ ఎంత స్థలం వదలాలో, అనుమతికి ఏ కాగితాలు కావాలో పంచాయతీ లేదా మున్సిపల్ ఆఫీసులో ముందే అడగండి. మన బొమ్మ అనుమతి ప్లాను కాదు. ఇంజనీరుకూ, మేస్త్రీకీ మనకేం కావాలో స్పష్టంగా చెప్పడానికి పనికొచ్చే సాధనం మాత్రమే.

తమ్ముళ్లూ, మొదటి అభ్యాసానికి మన హాస్టల్ గదినే తీసుకోండి. టేపు పట్టుకుని గోడలు, కిటికీలు కొలవండి. ట్రంకు పెట్టెలు, పరుపులు ఎన్ని పడతాయో గీసి చూడండి. ఒక మనిషికి ఎంత చోటు కావాలో మనకన్నా బాగా ఎవరికి తెలుసు? ఈ పని మీద ఆసక్తి కలిగితే పదో తరగతి తర్వాత ఐటిఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్, పాలిటెక్నిక్‌లో సివిల్ కోర్సులున్నాయి. రేపు మీ ఊళ్లో ఎవరైనా ముగ్గు పోయబోతుంటే, ఒక్క రోజు ఆగమని చెప్పి వాళ్ల ఇంటిని ముందుగా వాళ్లకు చూపించండి.